మానింగ్ రేంజర్స్, డర్బన్ భారతీయుల ఫుట్‌బాల్

మానింగ్ రేంజర్స్ దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరంలో 1928లో పుట్టిన ఫుట్‌బాల్ క్లబ్బు. అభిమానులు ముద్దుగా ‘మైటీ మాలర్స్’ అని పిలిచేవారు. డర్బన్ ఉన్న నటాల్ ప్రాంతపు చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద ఓడలెక్కి వచ్చిన తెలుగు, తమిళ, భోజ్‌పురి కుటుంబాల వారసులు దీన్ని తమ జట్టుగా భావించారు. వర్ణవివక్ష పాలన ముగిశాక ఏర్పడిన ప్రీమియర్ సాకర్ లీగు తొలి సీజన్‌లో, 1996-97లో, కైజర్ చీఫ్స్, ఆర్లాండో పైరేట్స్ వంటి మహా జట్లను దాటి ఈ క్లబ్బే విజేతగా నిలిచింది. పదేళ్ళు గడవకముందే ఆర్థికంగా కుప్పకూలింది. లీగులో దాని స్థానాన్ని కేప్‌టౌన్‌కు చెందిన సంస్థ కొనుక్కుంది. ఈ ఎత్తుపల్లాలు అర్థం కావాలంటే అంతకు ముందు నూరేళ్ళపాటు డర్బన్ భారతీయులు ఫుట్‌బాల్‌ను ఎలా నడుపుకున్నారో చూడాలి.

నటాల్ చేరిన తెలుగువారు

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ రేవు చేరింది. అప్పటి నుంచి 1911 వరకు 1,52,184 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా నటాల్‌లో దిగారు. వారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది మద్రాసులో ఓడెక్కినవారే. చిత్తూరు ప్రాంతం కూడా కలిసి ఉన్న నాటి ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి, విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళిన తెలుగువారు వారిలో గణనీయంగా ఉన్నారు. చెరకు తోటలే కాక రైల్వే, బొగ్గు గనులు, డర్బన్ మునిసిపాలిటీ కూడా వీరిని పనికి పెట్టుకున్నాయి.

ఐదేళ్ళ ఒప్పందం తీరినవారు అక్కడే స్థిరపడడం పాలకులకు గిట్టలేదు. అలా ఉండిపోయినవారి మీద ఏడాదికి 3 పౌండ్ల పన్ను వేస్తూ 1895లో చట్టం తెచ్చారు. మరుసటి ఏడాది భారతీయుల ఓటుహక్కు తీసేశారు. ఓటు లేని జనం తమకు కావలసినవన్నీ తామే కట్టుకోవలసి వచ్చింది. బడి, గుడి, చావు ఖర్చులకు సంఘం, పిల్లలు ఆడుకోవడానికి మైదానం, అన్నీ చందాలతోనే లేచాయి.

నాయుడు, రెడ్డి వంటి ఇంటిపేర్లు డర్బన్ వీధుల్లో నేటికీ మామూలే. 1929 నుంచి 1932 వరకు భారత ప్రభుత్వ ఏజెంటుగా దక్షిణాఫ్రికాలో పనిచేసిన కూర్మా వెంకటరెడ్డి నాయుడు అక్కడి తెలుగువారిని కూడగట్టారు. ఆ ప్రోత్సాహంతో 1931లో ఆంధ్ర మహాసభ ఏర్పడింది. భాషకూ భజనకూ సభ ఉంది కానీ, ఆట విషయంలో అలాంటి గిరి గీసుకోలేదు. తమిళ, తెలుగు, హిందీ, గుజరాతీ ఇళ్ళ పిల్లలు, హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు ఒకే చొక్కా తొడుక్కుని దిగారు. అందుకే డర్బన్‌లో తెలుగువారి ఫుట్‌బాల్‌ను భారతీయుల ఫుట్‌బాల్ నుంచి విడదీసి చెప్పడం కుదరదు. అలా కుదరకపోవడం ఆ ఆటకు దక్కిన గౌరవమని నా అభిప్రాయం.

కప్పు, సత్యాగ్రహం, ఓడ ప్రయాణం

దక్షిణాఫ్రికా తెల్లవారు 1892లో తమ ఫుట్‌బాల్ సంఘం పెట్టుకున్నారు. అందులో ఇతరులకు చోటు లేదు. 1903లో భారతీయులు తమ జాతీయ సంఘాన్ని పెట్టుకున్నారు. కింబర్లీలోని వర్తకుడు సామ్ చైనా ఇచ్చిన కప్పు కోసం వివిధ ప్రాంతాల భారతీయ జట్లు పోటీపడేవి. సామ్ చైనా కప్ అనే మాట తర్వాత అరవై ఏళ్ళపాటు డర్బన్ భారతీయ ఇళ్ళలో వినిపించింది. ఆఫ్రికన్లకు, కలర్డ్ అని వర్గీకరించిన మిశ్రమ సంతతి వారికి అలాంటి జాతీయ సంఘాలు 1930లలో గానీ రాలేదు.

గాంధీ కాలంలో ఆట, ఉద్యమం దగ్గరయ్యాయి. 1910లో జొహన్నెస్‌బర్గ్, ప్రిటోరియా సత్యాగ్రహుల పేరుతో ఫుట్‌బాల్ జట్లు ఏర్పడి, జైలుకు వెళ్ళినవారికి మద్దతుగా మ్యాచ్‌లు ఆడాయి. సత్యాగ్రహంలో పాల్గొన్న ఆల్బర్ట్ క్రిస్టఫర్ 1921-22లో దక్షిణాఫ్రికా భారతీయుల జట్టును ఓడలో భారతదేశానికి తీసుకొచ్చారు. వారు ఇక్కడ పద్నాలుగు మ్యాచ్‌లు ఆడారు. కూలీలుగా సముద్రం దాటినవారి సంతానం ఆటగాళ్ళుగా తిరిగి వచ్చిన ఆ పర్యటన గురించి మన దగ్గర ఇంత తక్కువ మందికి తెలియడం బాధాకరం.

కరీస్ ఫౌంటెన్

డర్బన్ భారతీయ ఫుట్‌బాల్‌కు పుట్టిల్లు ఏదంటే పాతవారు కరీస్ ఫౌంటెన్ పేరు చెబుతారు. బెరియా గుట్ట దిగువన, బొటానికల్ గార్డెన్ పక్కన ఉన్న మైదానం అది. 1870ల చివర్లో నీటి ఎద్దడి వచ్చినప్పుడు కౌన్సిలర్ కరీ అక్కడ బావి తవ్వించి ఊరికి నీళ్ళు ఇప్పించాడు. ఆయన పేరే ఆ చోటికి నిలిచింది. తర్వాతి కాలంలో భారతీయ క్రీడా సంఘాలు దాన్ని లీజుకు తీసుకుని తమ డబ్బుతో, తమ శ్రమతో మైదానంగా మలుచుకున్నాయి. భారతీయ దుకాణాలు, మసీదు, సినిమా హాళ్ళు ఉన్న గ్రే స్ట్రీట్ నుంచి నడిచి వెళ్ళగలిగే దూరం. సెలవు రోజు మధ్యాహ్నం ఆ దారి మీద జనం బారులు తీరేవారు.

ఆ జనం చేతిలో కనిపించే తిండి బన్నీ చౌ. డర్బన్ వాళ్ళు బన్నీ అంటారు. కోయని రొట్టెను నాలుగో వంతు గానీ సగం గానీ తీసుకుని, నడుమ మెత్తటి భాగాన్ని చేత్తో తోడేసి, ఆ గుంటలో వేడి వేడి చిక్కుడు గింజల కూరో మాంసం కూరో నింపుతారు. తోడిన ముద్దను పైన మూతలా పెడతారు. కంచం, చెంచా అక్కర్లేదు. ముద్దను కూరలో అద్దుకుంటూ మొదలుపెట్టి, చివరికి కూర పీల్చుకున్న రొట్టె గోడలు తినేస్తారు. మునిసిపాలిటీ పనివాడూ, ఫ్యాక్టరీ కూలీ, స్కూలు టీచరూ అదే తిండి తింటూ అదే గట్టు మీద కూర్చుని ఆట చూశారు.

కరీస్ ఫౌంటెన్‌లో క్రికెట్, అథ్లెటిక్స్, రాజకీయ సభలు కూడా జరిగేవి. పొరుగున మొజాంబిక్‌లో విమోచన సంస్థ ఫ్రెలిమో అధికారంలోకి వస్తున్న సందర్భాన్ని పండుగ చేసుకోవడానికి 1974 సెప్టెంబరు 25న నల్లజాతి చైతన్య ఉద్యమకారులు ఇక్కడే సభ తలపెట్టారు. ప్రభుత్వం నిషేధించింది. అయినా జనం వచ్చారు. పోలీసులు కుక్కలను వదిలారు. తర్వాత జరిగిన పెద్ద విచారణలో తొమ్మిది మందికి శిక్ష పడింది. వారిలో డర్బన్ భారతీయ కుటుంబాల నుంచి వచ్చిన సాథ్స్ కూపర్, స్ట్రిని మూడ్లీ కూడా ఉన్నారు. ఫుట్‌బాల్ మైదానానికే ఆ సభ రావడం యాదృచ్ఛికం కాదు. తెల్ల అధికారులను బతిమాలకుండా నల్లవారు, భారతీయులు వేల సంఖ్యలో గుమిగూడే అలవాటు ఉన్న చోటు నగరంలో అదే.

అల్లర్ల తర్వాత కలిసిన చేతులు

1949 జనవరిలో డర్బన్‌లో ఆఫ్రికన్లకు, భారతీయులకు మధ్య ఘోరమైన అల్లర్లు జరిగాయి. 142 మంది చనిపోయారు. కేటో మేనర్ పేటలో ఇళ్ళు, దుకాణాలు తగలబడ్డాయి. ఈ రెండు సమాజాలు ఇక ఎప్పటికీ దగ్గర కావని చాలామంది అనుకున్నారు. రెండేళ్ళకే, 1951లో, ఆఫ్రికన్, భారతీయ, కలర్డ్ ఫుట్‌బాల్ సంఘాలు కలిసి దక్షిణాఫ్రికా సాకర్ ఫెడరేషన్ పెట్టుకున్నాయి. తర్వాత నోబెల్ శాంతి బహుమతి పొందిన ఆల్బర్ట్ లుతూలీ అంతకు ముందు నుంచే డర్బన్‌లో ఆఫ్రికన్ ఫుట్‌బాల్ నిర్వహణలోనూ, జాతుల మధ్య మ్యాచ్‌లు పెట్టే బోర్డులోనూ పనిచేస్తున్నారు. ఫెడరేషన్ తరఫున డర్బన్ న్యాయవాది జార్జి సింగ్ ఏళ్ళ తరబడి ఫిఫాకు లేఖలు రాశారు. దేశ జనాభాలో దాదాపు ఐదో వంతే ఉన్న తెల్లవారి సంఘం దేశం మొత్తానికి ప్రతినిధి ఎలా అవుతుందన్నది ఆయన ప్రశ్న.

ఆ ప్రశ్న ఫలించింది. కలగలుపు జట్టును పంపనన్న దక్షిణాఫ్రికాను 1957లో తొలి ఆఫ్రికా కప్ నుంచి తప్పించారు. ఫిఫా 1961లో తెల్లవారి సంఘాన్ని సస్పెండ్ చేసింది. 1963లో అధ్యక్షుడు స్టాన్లీ రౌస్ వచ్చి చూసి వెళ్ళాక సస్పెన్షన్ ఎత్తేసింది. ఆఫ్రికా, ఆసియా దేశాలు పట్టుబట్టడంతో 1964లో మళ్ళీ విధించింది. 1976లో పూర్తిగా బహిష్కరించింది. ఒక చిన్న సమాజపు క్రీడా నిర్వాహకులు, వారితో కలిసిన ఆఫ్రికన్, కలర్డ్ నాయకులు టైపు చేసి పంపిన కాగితాలు ఇంత పని చేశాయి. క్లబ్బుల చరిత్ర రాసేవారు గోల్స్ లెక్కపెట్టే ముందు ఈ కాగితాల గురించి రాయాలి.

1961లో ఫెడరేషన్ జాతిభేదం లేని వృత్తి లీగు మొదలుపెట్టింది. డర్బన్ నుంచి ఆవలాన్ అథ్లెటిక్, ఏసెస్ యునైటెడ్ వంటి భారతీయ క్లబ్బులు, జొహన్నెస్‌బర్గ్ నుంచి మొరోకా స్వాలోస్ వంటి ఆఫ్రికన్ క్లబ్బులు అందులో ఆడాయి. జనం విరగబడి వచ్చారు. దాంతో తెల్లవారి సంఘం మునిసిపాలిటీల మీద ఒత్తిడి తెచ్చింది. ఒక్కొక్కటిగా మైదానాల గేట్లు మూసుకున్నాయి. 1963లో జొహన్నెస్‌బర్గ్‌లోని నటాల్‌స్ప్రూట్ మైదానంలో స్వాలోస్‌కు, బ్లాక్‌పూల్ యునైటెడ్‌కు మ్యాచ్ ఉంది. ప్రేక్షకులు వచ్చేసరికి గేటుకు తాళం. లోపల గోల్ స్తంభాలు లేవు. వేలాది మంది కంచె దూకారు. ఎక్కడి నుంచో స్తంభాలు మోసుకొచ్చి పాతారు. ఆట జరిగింది. ఆటగాళ్ళు, ప్రేక్షకులు, నిర్వాహకులు అనే తేడా చెరిగిపోయిన ఆ మధ్యాహ్నం ఒకటి చాలు, అక్కడ క్లబ్బు అంటే ఏమిటో తెలియడానికి. కానీ ధైర్యంతో ఒక మ్యాచ్ ఆడగలరు, సీజన్ మొత్తం ఆడలేరు. మైదానాలు దొరకక 1966లో లీగు ఆగిపోయింది.

చాట్స్‌వర్త్, ఫెడరేషన్ లీగు

జాతుల వారీగా నివాస ప్రాంతాలను విడదీసిన 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం డర్బన్ భారతీయుల పాత పేటలను చెదరగొట్టింది. మునిసిపాలిటీ కార్మికులు, అంటే ఎక్కువగా తెలుగు, తమిళ కుటుంబాలు, తరాల తరబడి ఉన్న మేగజైన్ బారక్స్ ఖాళీ అయింది. 1960లలో నగరానికి దక్షిణాన భారతీయుల అరటి తోటలు, కూరగాయల మళ్ళు ఉన్న చోట చాట్స్‌వర్త్ టౌన్‌షిప్ లేచింది. తెల్లవారి పేటలకూ, ఆఫ్రికన్ల ఉమ్లాజీకీ నడుమ దాన్ని అడ్డుగోడలా పెట్టారు. 1976 నుంచి ఉత్తరాన ఫీనిక్స్ వచ్చింది. పేట చెదిరితే పేట పేరుతో ఉన్న క్లబ్బు ఏమవుతుంది? కొన్ని మాయమయ్యాయి. కొన్ని కొత్త టౌన్‌షిప్‌లలో మళ్ళీ వేళ్ళూనాయి. ఇరుగుపొరుగు విడిపోయిన కుటుంబాలు వారానికొకసారి మ్యాచ్ దగ్గర కలుసుకునేవి. మానింగ్ రేంజర్స్ తర్వాతి రోజుల్లో సొంత మైదానంగా చేసుకున్నది చాట్స్‌వర్త్ స్టేడియాన్నే.

1969లో ఫెడరేషన్ మళ్ళీ వృత్తి లీగు ప్రారంభించింది. బెరియా, వెరులమ్ సబర్బ్స్, ఏసెస్ యునైటెడ్, కేప్‌టౌన్ స్పర్స్, తర్వాత సాంటోస్ వంటి జట్లు అందులో వెలిగాయి. 1971లో ఆఫ్రికన్ క్లబ్బులతో మరో లీగు వచ్చింది. ప్రభుత్వం దానికి అడ్డు చెప్పలేదు, వ్యాపార సంస్థలు డబ్బు పెట్టాయి. ఫెడరేషన్ మాత్రం ప్రభుత్వ అనుమతి పత్రాలతో ఆడేది లేదంది. 1973లో డర్బన్‌లో ఏర్పడిన దక్షిణాఫ్రికా క్రీడా మండలి అసహజ సమాజంలో సహజమైన క్రీడ ఉండదన్న నినాదం ఎత్తుకుంది. ఆ మండలికీ, సాకర్ ఫెడరేషన్‌కూ నార్మన్ మిడిల్‌టన్ అధ్యక్షుడిగా పనిచేశారు.

ప్రభుత్వ అనుమతితో ఆడకూడదన్న ఈ నియమం ఇళ్ళల్లో చిచ్చు పెట్టింది. ప్రతిభ ఉన్న కుర్రాడికి అవతలి లీగులో జీతం, పెద్ద స్టేడియం, పత్రికల్లో ఫొటో ఉన్నాయి. ఇవతల అరకొర భత్యం, సూత్రం ఉన్నాయి. వెళ్ళినవాణ్ని ద్రోహి అన్నారు. ఉన్నవాడు ముప్పై ఏళ్ళు దాటేసరికి ఏ రికార్డు పుస్తకంలోనూ లేకుండా పోయాడు. ఫిఫా బహిష్కరణ కోరినవారే దాని భారం మోశారు. వారిలో చాలామందికి ప్రపంచ కప్ అర్హత మ్యాచ్ ఆడే వయసులో ఆ అవకాశం రాలేదు. వారు చేసినది త్యాగమే. ఆ మాట దక్షిణాఫ్రికా ఫుట్‌బాల్ పెద్దలు ఇంకా గట్టిగా అనాలి.

తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక పోలిక ఉపయోగపడుతుంది. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు వెనుక ఒక ప్రభుత్వ శాఖ ఉంది, ఉద్యోగం ఉంది, కోచ్ రహీమ్ ఉన్నారు. అదే సంవత్సరాల్లో డర్బన్ భారతీయ జట్ల వెనుక ఉన్నది చందాల పుస్తకం. రెండూ అభిమానాన్ని సంపాదించాయి. జీతం ఇచ్చే శాఖ మనసు మార్చుకుంటే మొదటిది నిలవదు. చందా కట్టేవారు చెదిరితే రెండోది నిలవదు.

1996-97

1990లో ఫెడరేషన్ వృత్తి లీగు ముగిసింది. 1991లో సంఘాలన్నీ ఒక్కటయ్యాయి. 1992 జూలైలో దక్షిణాఫ్రికా ఫిఫాలో తిరిగి చేరి, తొలి అంతర్జాతీయ మ్యాచ్‌ను డర్బన్‌లోనే కామెరూన్‌తో ఆడి 1-0తో గెలిచింది. 1996 ఆరంభంలో ఆఫ్రికా కప్ గెలిచింది. అదే ఏడాది 18 జట్లతో ప్రీమియర్ సాకర్ లీగు మొదలైంది.

అందరి కళ్ళూ జొహన్నెస్‌బర్గ్ పక్కనున్న సొవెటో జట్ల మీద ఉన్నాయి. ఆర్లాండో పైరేట్స్ 1995లో ఆఫ్రికా క్లబ్ విజేత. కైజర్ చీఫ్స్‌కు దేశంలో ప్రతి ఊళ్ళో అభిమానులు. డర్బన్‌లోనే జూలూ రాచరికపు పేరుతో 1932 నుంచి ఉన్న అమాజూలూ క్లబ్బుకు బలమైన వెనుదన్ను ఉంది. వీటి మధ్య చాట్స్‌వర్త్ జట్టును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. కోచ్ గోర్డన్ ఇగెసుండ్ పెద్ద పేర్లు కొనే స్తోమతు లేని జట్టును చేతిలోకి తీసుకుని, అందరికీ పని పంచి, 34 మ్యాచ్‌ల దూరం నిలకడగా నడిపించాడు. ఆ రోజుల్లో క్లబ్బుకు ఆడినవారిలో డర్బన్ కుర్రాడు క్లింటన్ లార్సెన్, గ్రీకు సంతతికి చెందిన జార్జ్ కూమంతరాకిస్ ఉన్నారు. సీజన్ చివరికి మానింగ్ రేంజర్స్ అగ్రస్థానంలో ఉంది. ఇగెసుండ్ ఆ తర్వాత పైరేట్స్, సాంటోస్, మమెలోడి సన్‌డౌన్స్ జట్లకూ టైటిళ్ళు తెచ్చి, నాలుగు వేర్వేరు క్లబ్బులతో లీగు గెలిచిన కోచ్ అయ్యాడు. 2012లో జాతీయ జట్టు పగ్గాలు అందుకున్నాడు.

గెలిచిన జట్టులో భారతీయ పేర్లు తక్కువ. యాజమాన్యం, మైదానం, అభిమానుల గట్టు భారతీయులవి. ఆటగాళ్ళు అన్ని జాతులవారు. దీన్ని కొందరు వెలితిగా చూశారు. నాకు అలా అనిపించదు. 1951లో ఫెడరేషన్ కట్టినవారు కోరుకున్నది సరిగ్గా ఇలాంటి జట్టునే. చాట్స్‌వర్త్ జనం ఆఫ్రికన్ ఆటగాడి గోల్‌కు తమ ఇంటివాడు కొట్టినట్టే లేచి అరవడం కంటే ఆ ఆశయానికి వేరే రుజువు ఏం కావాలి?

విజేతగా రేంజర్స్ 1998 ఆఫ్రికా చాంపియన్స్ లీగులో ఆడి గ్రూపు దశకు చేరింది. ఐవరీ కోస్టుకు చెందిన అసెక్ మిమోసాస్, మొరాకో జట్టు రాజా కాసాబ్లాంకా, టాంజానియా జట్టు యంగ్ ఆఫ్రికన్స్ అదే గ్రూపులో ఉన్నాయి. ఆ ఏడాది కప్పు అసెక్‌కు దక్కింది.

పతనం, తర్వాత

లీగు టైటిల్ వచ్చింది కానీ దాన్ని నిలుపుకునే డబ్బు రాలేదు. కొత్త లీగులో ఆదాయానికి దారి ప్రకటనదారులు, టీవీ. వాళ్ళు చూసేది దేశవ్యాప్త అభిమానుల సంఖ్యను. ఆ లెక్కలో చీఫ్స్‌తో, పైరేట్స్‌తో ఒక పేట జట్టు తూగలేదు. పైకొచ్చిన ఆటగాళ్ళు పెద్ద క్లబ్బులకు, విదేశాలకు వెళ్ళిపోయారు. అంతకంటే లోతైన కారణం ఇంకోటి ఉంది. వివక్ష కాలంలో వారాంతానికి కరీస్ ఫౌంటెన్ తప్ప వేరే దిక్కులేని జనానికి ఇప్పుడు నగరమంతా తెరుచుకుంది. యువకులు టీవీలో ఇంగ్లండు లీగు చూస్తూ లివర్‌పూల్, మాంచెస్టర్ యునైటెడ్ చొక్కాలు తొడుక్కున్నారు. చదువులు, ఉద్యోగాలు ఇంతకు ముందు లేని దారులు చూపించాయి. ఇవన్నీ మంచివే. కానీ క్లబ్బును మోసిన భుజాలు ఒక్కొక్కటీ పక్కకు తప్పుకున్నాయి.

రేంజర్స్ ప్రీమియర్ లీగు నుంచి జారింది. అప్పులు పెరిగాయి. 2006లో కేప్‌టౌన్‌కు చెందిన ఫిడెన్షియా అనే ఆర్థిక సంస్థ క్లబ్బు లీగు హక్కును కొని, ఫిడెన్షియా రేంజర్స్ అని పేరు మార్చి తన ఊరికి తరలించింది. మరుసటి ఏడాది ఆ సంస్థే మదుపరుల సొమ్ము వ్యవహారంలో కూలిపోయింది. జట్టు ఇకాపా స్పోర్టింగ్‌గా మారింది. డెబ్బై ఏడేళ్ళకు పైగా డర్బన్‌లో ఉన్న పేరు అలా చెరిగిపోయింది. వివక్ష ప్రభుత్వం మైదానాలకు తాళాలు వేసినా నిలబడిన క్లబ్బును చివరికి ఒక అమ్మకపు పత్రం ముగించింది. దక్షిణాఫ్రికాలో లీగు స్థానాన్ని సరుకులా కొనుక్కోవచ్చు, ఊరు మార్చుకోవచ్చు. క్లబ్బు ఎవరిదన్న ప్రశ్నకు ఆ నిబంధనల్లో అభిమాని పేరు ఎక్కడా లేదు. ఇది మారవలసిన పద్ధతి.

నటాల్‌లో భారతీయులు నడిపే వృత్తి ఫుట్‌బాల్ మాత్రం ఆగలేదు. 1979లో ఏర్పడిన మారిట్స్‌బర్గ్ యునైటెడ్, ఫరూక్ కడోదియా అధ్యక్షతన పీటర్‌మారిట్స్‌బర్గ్ నుంచి చాలా కాలం ప్రీమియర్ లీగులో ఆడింది. 2023లో కిందికి జారి, 2024లో డర్బన్ సిటీగా పేరు మార్చుకుంది. 2024-25లో రెండో శ్రేణి లీగు గెలిచి మళ్ళీ ప్రీమియర్ లీగులోకి ఎక్కింది.